ముక్కు ఆపరేషన్ మళ్లా చేపిచ్చుకోవాల్నా? – డాక్టరమ్మతో ముచ్చట

పోయిన నెల గురక గురించి రాసినప్పుడు ఒక మాట ఊకె అట్ల అనేసిన, వయసులో ముక్కు ఆపరేషన్ అయినోళ్లు గూడ కొందరు యాభై దగ్గర పడ్డంక నోటితోని ఊపిరి తీసుకుంటరు అని. ఇగ అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు సగం ముక్కు మీదనే. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇంతమందికి ముక్కు ఆపరేషన్ అయిందని నాకే తెల్వదు, ఎవ్వరూ బయటికి చెప్పరు గదా. అందుకే ఈసారి మొత్తం ముక్కుకే ఇస్తున్న, షుగర్ వాళ్లు, చెవిలో చీము వాళ్లు జర ఆగాలె, వచ్చే నెల మీదే.

మిర్యాలగూడ నుంచి ఒక అక్క రాసింది:

డాక్టరమ్మా నమస్తే. నాకు 47 ఏండ్లు. మావారిది రైస్ మిల్లులో పని, మా ఇల్లు కూడా మిల్లు పక్కనే. 2000 సంవత్సరంలో పెండ్లికి ముందు హైదరాబాద్‌లో ముక్కు ఆపరేషన్ చేపిచ్చిన్రు. ముక్కు దూలం మీద గూని లెక్క ఎత్తుగ ఉండేది, సంబంధాలకు వచ్చినోళ్లంత అదే చూసేటోళ్లు. ఇరవై ఏండ్లు మంచిగనే ఉంది. మూడు నాలుగేండ్ల సంది ముక్కు కొస కిందికి దిగినట్టు అయితుంది, నవ్వితే ఇంకా వంగుతది, ఫొటోలో నా ముక్కు నాకే పొడుగు అనిపిస్తుంది. రాత్రి నోరు తెరిచి పడుకుంటున్న, పొద్దుగాల లేచేసరికి నాలుక అట్ట కట్టి ఉంటది. మా ఆడబిడ్డ ఏమంటదంటే ఆ ఆపరేషన్ 20 ఏండ్లే పనిచేస్తది, మళ్లా చేపిచ్చుకోకుంటే ముక్కు కూలిపోతది అని. నాకు భయం పట్టుకుంది. నిజమేనా?

అక్కా, మీ ఆడబిడ్డ మాట పక్కన పెట్టండి ముందు. గుండెలో పేస్‌మేకర్ పెడితే దాని బ్యాటరీ అయిపోతది, మార్చాలె, అది నిజం. ముక్కుకి బ్యాటరీ లేదు. 2000లో తీసేసిన గూని మళ్లా మొలవదు, కోసి సర్దిన ఎముక రెండు నెలల్లోపే అతుక్కొని మీదై పోయింది. ఇన్నేండ్లకోసారి మళ్లా చెయ్యాలె అనే లెక్క ఏ పుస్తకంలో లేదు.

మరి కొస ఎందుకు జారింది అంటే, ఆపరేషన్ పాతబడలేదు, మీ ముక్కు పెద్దగయింది, అంటే వయసొచ్చింది, మీకు నాకు వచ్చినట్టే. మనోళ్లు ముక్కు మధ్య గట్టును దూలం అంటరు గదా, ఆ పేరు పెట్టినోడెవడో గాని మహా తెలివైనోడు, ఎందుకంటే ముక్కు అచ్చం గుడిసె లెక్కనే ఉంటది. పైన మూడో వంతు మాత్రమే గట్టి ఎముక, కింది రెండొంతులు కార్టిలేజ్, చెవి డొప్ప లెక్క వంగే మెత్తటి ఎముక. రెండు రంధ్రాల నడుమ ఉండే అడ్డగోడ గుడిసెకి నిట్టాడు అనుకోండి, దాని మీద దూలం, దూలానికి రెండు పక్కల వాసాల లెక్క పలచని కార్టిలేజ్ ముక్కలు, కొసకు ఇంకో రెండు వంపు ముక్కలు, వీటన్నిటినీ కట్టి ఉంచే తాళ్ల లెక్క నరాల్లాంటి కట్లు. గుడిసె ఇరవై ముప్పై ఏండ్లయితే ఏమైతది, నిట్టాడు విరగదు గాని కట్లు వదులైతయి, చూరు కిందికి దిగుతది. ముక్కులోనూ అంతే. చర్మం బిగి పోతది, కట్లు సాగుతయి, కొస కిందికి దిగుతది, దిగితే ముక్కు పొడుగైనట్టు కనపడతది. ఆపరేషన్ కాని ముక్కుకి గూడ ఇదే జరుగుతది, మీ నాయనమ్మ పాత ఫొటో, ముసలైనంక ఫొటో పక్కపక్కన పెట్టి చూడండి.

నవ్వితే ఇంకా వంగుతుంది అన్నరు, అది పైపెదవికి ముక్కుకు నడుమ ఉండే చిన్న కండ పని, నవ్వినప్పుడల్లా కొసను కిందికి గుంజుతది, వయసులో ఉన్నప్పుడు కొస గట్టిగుండి ఆగింది, ఇప్పుడు ఆగుతలేదు. ఇంకోటి, పై ముందు పండ్లు ఏమన్న ఊడినయా? పండ్లు పోతే పైదవడ ఎముక అరిగిపోతది, దాని మీద కూసున్న ముక్కుకు కింద పీట జరిగినట్టయితది, కొస ఇంకా దిగుతది. మన జిల్లాలో పండ్ల సంగతి నేను కొత్తగ చెప్పాల్నా.

ఇప్పుడు అసలు ముచ్చట, ఊపిరిది. గూని తీసుడంటే ఏంది, దూలాన్ని పైనుంచి చెక్కుడు. ఎక్కువ చెక్కితే వాసాలు ఆనేది దేనికి? ఆనకట్టు లేక మెల్లగ లోపలికి వాలుతయి, ఆర్నెల్లలో కాదు, పదేండ్లకో ఇరవై ఏండ్లకో కూడా. ఆ వాలిన జాగే ముక్కు మొత్తంలో అన్నిటికన్న ఇరుకు జాగ, అక్కడి మూల మామూలుగనే 10 నుంచి 15 డిగ్రీలు ఉంటది, అంతే. అది ఇంకొంచెం మూసుకుంటే గాలి లోపలికి గుంజినప్పుడల్లా పక్క గోడ అతుక్కుంటది. ఈ బాధ చాలామందికి వస్తుందని గమనించి దూలానికి వాసానికి నడుమ సన్నటి కార్టిలేజ్ బద్ద పెట్టి ఎడం చేసే పద్ధతిని జాక్ షీన్ అనే అమెరికా సర్జన్ 1984లో రాసిండు, స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటం దాన్ని. ఇప్పుడు మంచి సర్జన్లు గూని తీసేటప్పుడే దాని గురించి సోంచాయిస్తరు. పాత రోజుల్లో తీసుడు ఎక్కువ నిలబెట్టుడు తక్కువ, చిన్న ముక్కు అయితే చాలు అనుకునేటోళ్లు. మీకు చేసిన డాక్టర్ ఎట్ల చేసిండో ముక్కు చూడకుండ నేను చెప్పలేను, తప్పు పట్టుడు గూడ నాకు ఇష్టం లేదు.

ఇంట్లనే చూసుకునేవి రెండున్నయి. అద్దం ముందు నిలబడి వేలితో ముక్కు కొసను కొద్దిగ, కొద్దిగనే, పైకి లేపి ఊపిరి తీయండి, హాయిగ వచ్చిందంటే కొస జారుడే కారణం. రెండోది ముక్కు పక్కన చెంప మీద వేలు పెట్టి చెవి దిక్కు లాగి ఊపిరి తీయండి, అప్పుడు ఫ్రీ అయితే లోపలి వాసం వాలినట్టు. మామూలు ముక్కున్నోళ్లకు గూడ కొంచెం తేడా తెలుస్తది కాబట్టి దీంతోనే తీర్పు ఇచ్చుకోవద్దు. రెండిటికీ ఏం తేడా రాకపోతే సమస్య గుడిసెది కాదు లోపల సామానుది, అంటే అలర్జీ వాపు, దుర్మాంసం, సైనస్. మిల్లు పక్కన ఇల్లు అంటున్నరు, ఊక దుమ్ము రోజంతా పీలుస్తున్నరు, నాకైతే ముందు అనుమానం దాని మీదనే ఉంది. ఉప్పునీళ్లతో ముక్కు కడుగుడు (కాచి చల్లార్చిన నీళ్లే), డాక్టర్ రాసిచ్చిన అలర్జీ స్ప్రే రెండు నెలలు వదలకుండ వాడుడు, ఇవి చేసి చూడకముందే ఎవరన్న ఆపరేషన్ అంటే రెండో డాక్టర్ దగ్గరికి పోండి.

ఒకటి అడగాలె, మెడికల్ షాపులో కొనుక్కొచ్చి ముక్కు తెరుచుకునే చుక్కలు వేసుకుంటున్నరా, ఓట్రివిన్, నాసివియాన్ లాంటివి? ఈ చుక్కలు ఐదు రోజులు దాటొద్దు. దాటితే ముక్కు దానికే అలవాటు పడి చుక్క పడకుంటే తెరుచుకోదు, వాపు ఇంకా పెరుగుతది. ఆపరేషన్ ఫెయిలయింది మేడం అని వచ్చినోళ్ల హ్యాండ్‌బ్యాగులో ఆ డబ్బా దొరికిన రోజులు నాకు లెక్కలేనన్ని. అట్లనే కొన్ని గంటలు ఒక రంధ్రం కొన్ని గంటలు ఇంకో రంధ్రం మారుకుంట మూసుకుంటే పరేషాన్ కావద్దు, అది ముక్కు డ్యూటీ మార్చుకునుడు, పెద్దలు సూర్యనాడి చంద్రనాడి అని పేరు గూడ పెట్టిన్రు.

ఇవన్నీ అయినంక గూడ నిజంగనే కట్టడం వాలిందని ఎండోస్కోపీలో తేలితే అప్పుడు రెండో ఆపరేషన్ గురించి మాట్లాడుకుందం. అది మొదటిదానంత సులువు కాదు, ముందే చెప్తున్న. లోపలంత పాత గాటు గట్టిపడి పొరలు అతుక్కొని ఉంటయి, అడ్డగోడలో కార్టిలేజ్ ముందే వాడేసి ఉంటరు, కాబట్టి సామాను బయటినుంచి తేవాలె. చెవి డొప్ప గిన్నె భాగం నుంచి తీస్తరు, చెవి ఆకారం మారదు, మచ్చ కనపడదు. ఎక్కువ కావాలంటే పక్కటెముక కొస నుంచి. మీ వయసుకు పక్కటెముక కార్టిలేజ్ కొంతమందికి సున్నం పట్టి ఎముక లెక్క గట్టిపడుతది, అందుకే ముందు స్కాన్ చూస్తరు. వట్టిగ కొస ఒక్కటే లేపాలంటే ఇంత కథ ఉండదు, చిన్న పని. నా మాట అడిగితే ఊపిరి కోసం అయితే చేపిచ్చుకోండి, ఫొటో కోసం అయితే ఒక ఏడాది సోంచాయించండి, ముక్కు ఏడికీ పోదు, కూలిపోదు.

అన్నట్టు గురక ఎక్కువై, పగలు కూసున్న జాగలనే నిద్ర పడుతుంటే అది ముక్కు ముచ్చట ఒక్కటే కాకపోవచ్చు, నిద్ర పరీక్ష చేపిచ్చుకోండి.

కల్వకుర్తి నుంచి ఒక తమ్ముడు, 17 ఏండ్లు:

మేడం నేను కబడ్డీ ఆడతా. 13 ఏండ్లప్పుడు సైకిల్ మీదికెల్లి పడి ముక్కు అడ్డగోడ వంకరయితే ఆపరేషన్ చేసిన్రు. మంచిగయింది. ఇప్పుడు మళ్లా వంకర అయింది, ఎడమ దిక్కు గాలి రాదు. డబ్బులు తీసుకొని సరిగ్గ చెయ్యలేదని మా బాపు కోపం చేస్తుండు. మళ్లా చేస్తే మళ్లా వంకర అయితదా?

తమ్మీ, బాపును జర శాంతపడమను. 13 ఏండ్ల ముక్కు ఇంకా పెరుగుతున్న ముక్కు. అడ్డగోడ కార్టిలేజే ముక్కును ముందుకు పెంచేది, ఆ వయసులో ఎక్కువ కోసి తీసేస్తే ముక్కు అక్కడనే ఆగి చిన్నగ చప్పిడిగ ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకే పిల్లలకు ఊపిరాడేంత మటుకే సర్దుతరు, పూర్తి పని పెరుగుదల ఆగినంక, ఆడపిల్లలకు 16 దాటి, మగపిల్లలకు 17, 18 దగ్గర. ఈ మధ్యలో ముక్కు పెరిగింది, పెరిగినప్పుడు పాత వంకర దిక్కే పెరిగింది, కార్టిలేజ్‌కి మొండితనం ఉంటది. కాబట్టి నీది ఫెయిల్ కాదు, అప్పుడు సగం చేసి ఆపిన పని. ఆ డాక్టర్ మీకు ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఇంత కోపం ఉండకపోవు, మా డాక్టర్లం చెప్పే దగ్గర పిసినారితనం చేస్తం, ఒప్పుకుంటున్న. ఇంకో ఏడాది ఆగి చేపిచ్చుకుంటే ఎక్కువమందికి అదే ఆఖరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ గవర్నమెంట్ మెడికల్ కాలేజీ దవాఖానల్లో ఈఎన్‌టీ ఉంది, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ఎట్లాగూ ఉంది, అక్కడ అడగండి.

కబడ్డీ గురించి. ఆపరేషన్ అయినంక ఆరు వారాలు కోర్టు దిక్కు చూడొద్దు, రెయిడింగ్, ట్యాకిల్ అయితే నేను మూడు నెలలు అంట. నువ్వు అడగలేదు గాని ఇది నీ టీమ్ మొత్తానికి చెప్పు: ముక్కు మీద దెబ్బ తాకినంక రెండు రంధ్రాలు ఒక్కసారే మూసుకుపోయి లోపల ఎర్రగ నల్లగ మెత్తటి ఉబ్బు కనపడితే రేపు చూద్దం అనుకోవద్దు, ఆ రోజే దవాఖానకు పోవాలె. అడ్డగోడ కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు ఉండయి, దాన్ని కప్పుకున్న పొర నుంచే తిండి అందుతది, నడుమల రక్తం గడ్డ కట్టి పొర ఊడిందంటే కార్టిలేజ్ కొన్ని రోజుల్లోనే చచ్చిపోతది, చీము పడితే ఇంకా తొందరగ. నిట్టాడు పోయింది అనుకో, దూలం నడుమకు వంగి గుర్రం జీను లెక్క అయితది ముక్కు. అది సరిచేసుడు నీ ఇప్పటి ఆపరేషన్‌కి పదింతల పని. ఎముక విరిగితే మాత్రం కొంచెం టైముంటది, వాపు దిగినంక రెండు వారాల్లోపు సరిచేస్తే చాలు, దాటితే అట్లనే అతుక్కుంటది.

అచ్చంపేట దగ్గర పల్లె నుంచి ఒక తల్లి:

అమ్మా, మా పాపకు ఆరేండ్లు. గ్రహణం మొర్రితోని పుట్టింది. ఐదో నెలల పెదవి కుట్టిన్రు, తర్వాత అంగిట్ల ఆపరేషన్ అయింది. ముక్కు ఒక పక్క చప్పిడిగనే ఉంది. ఇప్పుడు ఇంకా రెండు మూడు సార్లు చెయ్యాలె అంటున్నరు. మొదటిది మంచిగ చెయ్యకనే ఇట్ల అయిందా? మా అత్త నేను గ్రహణం నాడు కూరగాయలు కోసిన్నని ఇప్పటికీ అంటది.

తల్లీ, ముందు ఆఖరి మాటకు జవాబు. గ్రహణానికి దీనికి ఏ సంబంధం లేదు, పేరు అట్ల పడింది అంతే. కడుపుల పడ్డ మొదటి రెండు మూడు నెలల్లోనే పెదవి, అంగిలి అతుక్కోవాలె, కొందరిలో అతుక్కోదు. మీ చేతిల కత్తిపీట పాపం ఏం చేసింది. ఈ పేజీ మీ అత్తకు చదివి వినిపించండి.

ఇగ ఆపరేషన్లు. ఇది మళ్లా మళ్లా చేసుడు కాదమ్మా, మెట్లు మెట్లుగ చేసుడు. పెదవి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలి ఏడాది అటిటు, పక్కా పండ్లు వచ్చే వయసుల, ఏడు నుంచి పదకొండేండ్ల మధ్య, చిగురు ఎముకలో ఖాళీ ఉంటే తుంటి నుంచి కొంచెం ఎముక తెచ్చి నింపుతరు. పూర్తి ముక్కు పని మాత్రం పాప పెరుగుడు ఆగినంక, 16 దాటినంకనే. బడిలో పిల్లలు మరీ ఏడిపిస్తుంటే మధ్యలో చిన్న సర్దుబాటు చెయ్యొచ్చు, అది డాక్టర్, మీరు కలిసి అనుకోవాలె. పైసల గురించి పరేషాన్ కావద్దు, స్మైల్ ట్రెయిన్ సంస్థ సాయంతో నడిచే ఆస్పత్రుల్లో మొర్రి ఆపరేషన్లు ఉచితంగ చేస్తరు. మాటలు ముక్కులోనించి వస్తున్నయా చూడండి, వస్తుంటే స్పీచ్ థెరపీ ఇప్పుడే షురూ చెయ్యాలె, ముక్కు ఆగుతది గాని మాట ఆగదు.

మహబూబ్‌నగర్ నుంచి, పేరు రాయొద్దన్న చెల్లె:

నాకు 34. ఎనిమిదేండ్ల కింద ముక్కు దూలం ఎత్తు కోసం సిలికాన్ పెట్టిన్రు. ఏం బాధ లేదు. నేను కూడా మళ్లా చేపిచ్చుకోవాల్నా?

చెల్లె, పైన అక్కకు చెప్పింది నీకు సగమే వర్తిస్తది. సొంత కార్టిలేజ్ ఒంట్లో కలిసిపోతది, సిలికాన్ కలవదు, చుట్టూ సంచి కట్టుకొని పరాయిదానిలెక్కనే ఉంటది. చాలామందిల జీవితాంతం ఊకుంటది. కొందరిలో మాత్రం ఏండ్ల తర్వాత గూడ పక్కకు జరుగుడు, చీము పట్టుడు, కొస దగ్గర చర్మం పలచనై బయటికి పొడుచుకొచ్చుడు అయితది. బాధ లేకుంటే తియ్యనక్కర లేదు. కొస ఎర్రగ మెరుస్తున్నా, చర్మం లోనించి తెల్లగ కనపడుతున్నా, వేలితో ముట్టుకుంటే జరుగుతున్నా ఆగొద్దు, చర్మం చిరగక ముందు తీస్తే మచ్చ లేకుండ పోతది, చిరిగినంక తీస్తే ఆ మచ్చ నీ మొహం నడుమల ఉంటది. ముక్కు మీద దెబ్బ తాకినా చూపిచ్చుకో.

నువ్వు ఉత్తరం చివర్ల అడిగిన ఫిల్లర్ సంగతి, అంటే సూదితోని జెల్ ఎక్కించి ముక్కు ఎత్తు చేసుడు, పార్లర్ల పది నిమిషాల్ల అయిపోతది అంటున్నరంట, వద్దు. ముక్కు చుట్టూ రక్తనాళాలు కంటి నాళాలతోని కలిసి ఉంటయి, ఆ జెల్ తప్పుడు జాగలకు పోతే చర్మం నల్లబడి కుళ్లిపోవుడే గాక చూపు పోయిన సంఘటనలు గూడ వైద్య పుస్తకాల్లో రాసి ఉన్నయి. ఒకసారి ఆపరేషన్ అయిన ముక్కులో నాళాల దారులు మారి ఉంటయి, ఇంకా ప్రమాదం. డిస్కౌంట్‌లో వస్తుంది అని రాసినవు చూడు, అది చదివి నాకు నిద్ర పట్టలేదు.

గద్వాల నుంచి ఒక రైతు కొడుకు: మా నాయనకు ముక్కు పక్కన చర్మం క్యాన్సర్ వస్తే తీసేసి నొసటి చర్మం తెచ్చి కుట్టిన్రు. ఇప్పుడు నొసటి నుంచి ముక్కుకు తొండం లెక్క వేలాడుతుంది, ఊళ్లో అందరూ చూస్తున్నరు, మూడు వారాలకు మళ్లా ఆపరేషన్ అంటున్నరు, ఎందుకు ఒక్కసారే చెయ్యలేదు?

ఆ తొండమే మీ నాయన కొత్త ముక్కుకు ఇప్పుడు అన్నం పెడుతుంది బిడ్డా. కొత్త జాగల రక్తం సొంతంగ పారేదాకా నొసటి నాళం ఆధారం కావాలె, మూడు వారాలయినంక దాన్ని కోసేస్తరు, కొన్నిసార్లు నడుమల ఇంకో దఫా పలచన చేస్తరు. ఇది మన దేశం విద్యనే. 1792 యుద్ధంలో ఇంగ్లీషోళ్ల సైన్యానికి ఎడ్లబండ్లు తోలే కావస్జీ అనేటాయన టిప్పు సుల్తాన్ మనుషులకు దొరికితే ముక్కు కోసిన్రు, తర్వాత పుణె దగ్గర మనోళ్లే నొసటి చర్మంతో కొత్త ముక్కు కట్టిన్రు, ఆ వార్త 1794లో లండన్ పత్రికల అచ్చయింది, అది చదివినంకనే 1814లో కార్ప్యూ అనే ఇంగ్లీష్ డాక్టర్ అక్కడ మొదలుపెట్టిండు. ఇప్పటికీ ప్రపంచమంత దాన్ని ఇండియన్ పద్ధతి అనే అంటరు. ఊళ్లోళ్లు అడిగితే ఈ కథ చెప్పండి. నాయన బీడీ తాగుతరని రాసిన్రు, ఆ మూడు వారాలు ఒక్క బీడీ గూడ వద్దు, పొగ రక్తనాళాలను ముడుస్తది, ముడిస్తే చర్మం నల్లబడి పోతది, ఇది మాత్రం బతిమాలి చెప్తున్న.

మర్రిగూడ నుంచి ఒక మాస్టారు: మాకు ఫ్లోరైడ్ ఊరు, ఎముకలు గట్టిపడ్డయి. 55 ఏండ్లకు ముక్కు ఆపరేషన్ రెండోసారి అంటున్నరు, చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు సార్. ముక్కు కన్న మీ మెడ గురించి నాకు ఫికరు. ఫ్లోరోసిస్ ఉన్నోళ్లకు మెడ ఎముకలు బిగుసుకుంటయి, మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వెయ్యాలంటే మెడ వెనక్కి వంగాలె. మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి, మెడ ఎంత తిరుగుతదో చూపెట్టండి, ఎక్స్‌రే తీపిచ్చుకోండి. ఆయన ముందే తెలిస్తే వేరే పద్ధతులు రెడీ పెట్టుకుంటడు, టేబుల్ మీద తెలిస్తే అందరికీ తక్లీఫ్. బీపీ, షుగర్ గోళీలు, రక్తం పలచబడే గోళీ వేసుకుంటున్నరా అది కూడా రాసుకపోండి, సొంతంగ ఆపొద్దు.

హాలియా నుంచి: ఇన్సూరెన్స్ వస్తదా? అందం కోసం చేసేదానికి ఆరోగ్యశ్రీ లేదు, ప్రైవేట్ పాలసీ లేదు. యాక్సిడెంట్, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత కట్టేదానికి, డాక్టర్ వైద్యపరంగ అవసరం అని రాసిచ్చినదానికి ప్రైవేట్ పాలసీలో వస్తది. అందం కోసం చేపిచ్చుకొని ఊపిరి కోసం అని రాయమని నన్ను అడగకండి, రాయను.

దేవరకొండ నుంచి ఇద్దరు ఒక్కటే ప్రశ్న: ఆపరేషన్ అయ్యి నాలుగు నెలలు, ముక్కు అనుకున్నట్టు లేదు, కొస లావుగ ఉంది, వెంటనే మళ్లా చేపిచ్చుకోవాల్నా? ఇద్దరికీ ఒక్కటే జవాబు, ఆగండి. ముక్కు వాపు నెలలో దిగినట్టు కనపడతది గాని కొస దగ్గర పూర్తిగ దిగేసరికి ఏడాది, లావు చర్మం ఉన్నోళ్లకు ఏడాదిన్నర. మన దిక్కోళ్లలో చాలామందికి కొస చర్మం లావే. ఏడాది నిండకుండ రెండోసారి కత్తి పెట్టే డాక్టర్ దగ్గరికి పోవద్దు, ఊపిరి పూర్తిగ బంద్ అయితేనో, చీము పడితేనో తప్ప. వందలో 5 నుంచి 15 మందికి రెండోసారి అవసరం పడుతదని సర్జన్లు చెప్తరు, అందులో మీరు ఉన్నరా లేదా అనేది ఇప్పుడే తేలదు. రోజూ సెల్ఫీ తీసుకునుడు మానండి, ఫోన్ దగ్గర పెట్టి తీస్తే ఎవరి ముక్కయినా లావుగనే వస్తది.

ఆఖరుకు నకిరేకల్ నుంచి ఒక అమ్మాయి: ఆపరేషన్ అయ్యి నెలయింది, ముక్కుపుడక పెట్టుకోవచ్చా, మూడు నెలల్లో అక్క పెండ్లి ఉంది, అమ్మమ్మ రంధ్రం పూడిపోతదని వేప పుల్ల పెట్టుకోమంటుంది.

వేప పుల్ల వద్దు, అమ్మమ్మకు నా నమస్కారం చెప్పు గాని వద్దు. లోపల ఇంకా పుండు మానుతున్న టైము, పుల్లతో చీము పడితే చేపిచ్చుకున్న పని మొత్తం పోతది. పాత రంధ్రం అంత తొందరగ పూడదు, పూడితే పూడనీ, ఆర్నెల్లు దాటినంక మీ సర్జన్‌ను అడిగి మళ్లా కుట్టిచ్చుకోవచ్చు. పెండ్లి నాటికి నీకు నాలుగు నెలలు అయితయి, ప్రెస్సింగ్ ముక్కుపుడక దొరుకుతది గదా, వదులుగ ఉండేది చూసి తెచ్చుకో, తలంబ్రాలు అయ్యేదాకా పెట్టుకొని, ఫొటోలు దిగి, బువ్వకు కూసునేటప్పుడు తీసి పర్సుల వేసుకో.